చారల కారు

రేణిగుంట రోడ్డులోని ఒక కార్ల సర్వీస్ సెంటర్లో మునికుమార్ పనిచేసేవాడు. బండి తెచ్చినవాళ్ళు చెప్పేది విని, లోపల మెకానిక్కులకు అర్థమయ్యేట్టు రాసివ్వడం అతని ఉద్యోగం. పనివేళ ముగిశాక కూడా అతనికి కార్లే లోకం. సొంతానికి పాత స్కూటరు తప్ప ఏమీ లేదు గానీ, ఏ దేశంలో ఎవరు ఎట్లాంటి కారు తయారుచేస్తున్నారో, దాని ఇంజను ఏమిటో, అమ్మకానికి ఎప్పుడొస్తుందో అన్నీ నోటికి వచ్చు. తిరుపతిలో, చిత్తూరులో అతనిలాంటివాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళంతా కలిసి ‘సీమ వీల్స్’ అని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున చంద్రగిరి దగ్గర ఒక టీ కొట్టు ముందు బండ్లు నిలిపి, ఎండ ముదిరేదాకా అదే మాట్లాడుకునేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు నవ్వినా పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆ గ్రూపులో అతనికి అందరికంటే దగ్గరివాడు ఢిల్లీబాబు. పాలిటెక్నిక్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఢిల్లీబాబు వాళ్ళకు చిత్తూరులో గ్రానైట్ వ్యాపారం ఉంది. అతనికొక ఎర్ర కారు ఉండేది. దానికి చక్రాలు మార్చినా, పొగగొట్టం మార్చినా, ముందు బంపరు కింద నల్లటి ప్లాస్టిక్ అంచు అతికించినా అన్నీ ఇద్దరూ కలిసి చేసినవే. ఆదివారాల్లో తాళాలు మునికుమార్ చేతిలో పెట్టి, నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా అనేవాడు. ఆ మంచితనాన్ని మునికుమార్ ఎప్పుడూ మరిచిపోలేదు.

ఇంకో ముఖ్యమైన మనిషి లోహిత. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. గ్రూపులో తక్కువ రాసేది. ఎవరైనా ఏదైనా ఊహించి రాస్తే, ఎట్లా తెలుసు అని అడిగేది. మునికుమార్ రాసినదానికి మాత్రం ఆ ప్రశ్న వేసేది కాదు. అతను చూసి గానీ మాట్లాడడని ఆమె నమ్మకం.

మార్చి నెలలో ఒక బుధవారం, పొద్దు వాలే వేళకు ఢిల్లీబాబు గ్రూపులో చిన్న వీడియో పెట్టాడు. చిత్తూరు నుంచి తిరుపతికి వస్తూ, పూతలపట్టు కూడలి దగ్గర రోడ్డు పని వల్ల బండ్లు చాలాసేపు ఆగి ఆగి కదులుతుంటే తీసినది. ముందు ఒక కారు పోతోంది. నేలకు ఆనుకున్నట్టు పొట్టిగా, వెడల్పుగా ఉంది. ఒళ్ళంతా నల్లా తెల్లా వంకర చారలు. అమ్మకానికి రాని కార్లను రోడ్డు మీద పరీక్షించేటప్పుడు వాటి రూపం ఎవరికీ అంతుపట్టకుండా కంపెనీలు అట్లా చారల స్టిక్కరు అంటిస్తాయి. అట్లాంటి కార్లు పుణె వైపో, చెన్నై చుట్టుపక్కలో ఎవరో ఒకరి కంటపడుతుంటాయి. చిత్తూరు రోడ్డులో, అందునా స్పోర్ట్స్ కారు, వాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు.

గ్రూపు ఒక్కసారిగా లేచి కూర్చుంది. ఇటలీ వాళ్ళదని ఒకడు, కాదు జర్మనీ వాళ్ళదని ఇంకొకడు. మన దేశపు కంపెనీ ఏదో రహస్యంగా చేస్తోందని విన్నాను, ఇదే అది అని మూడో అతను. వెనక లైటు సన్నటి గీతలాగా ఉందని, మధ్యలో తెగిందని ఒకరంటే, తెగలేదు, చార అడ్డమొచ్చిందని మరొకరు. సర్వీస్ సెంటర్లో ఆఖరి కారు పంపించి, మునికుమార్ గోడకు ఆనుకుని ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాడు. తర్వాత అతనూ రాశాడు:

“దగ్గరికి పో అబ్బా. వెనక లైటు సరిగ్గా పడ్లేదు. తప్పించుకోనియ్యొద్దు. ముందుకి పోయి మూతి గూడా తియ్యి.”

దాని కింద ఇంకా చాలామంది అదే మాట రాశారు. ఢిల్లీబాబు బొటనవేలి గుర్తు ఒకటి పెట్టాడు. తర్వాత చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. అందరూ కాచుకున్నారు. బాగా పొద్దుపోయాక ఒక్క మాట వచ్చింది. దొరకలేదు, పోయింది అని. ఆ వారం ఆదివారం అతను టీ కొట్టు దగ్గరికి రాలేదు. కారు బావమరిది తీసుకపోయినాడని చెప్పాడు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు సర్వీస్ సెంటరుకు ఒకామె వచ్చింది. నడివయసు మనిషి, నలిగిన చీర, చేతిలో పాలిథిన్ కవరు. పేరు కృపామణి అని, పూతలపట్టు దగ్గర పల్లె అని చెప్పుకుంది. ఆమె భర్త కుప్పయ్య హైవే నడుమ గన్నేరు చెట్లకు నీళ్ళుపోసే పనివాడు. పని ముగించుకుని షేర్ ఆటో కోసం రోడ్డు పక్కన నిలుచున్నవాణ్ణి ఏదో బండి కొట్టేసి పోయింది. రెయిలింగు దాటి అవతల కాలవలో పడ్డాడు. ఎవరికీ కనపడలేదు. తెల్లారి వెతకబోయిన పనివాళ్ళకు దొరికాడు. పడిన తర్వాత కూడా చాలాసేపు ప్రాణం ఉండిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడట. గుర్తుతెలియని వాహనం అని పోలీసులు రాసుకున్నారు. కాలవ గట్టున దొరికిన ముక్క ఒకటి పట్టుకుని ఆమె చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఒక్కొక్క షెడ్డూ తిరుగుతోంది. ముందర పగిలిన కారు ఏదైనా రిపేరుకు వచ్చిందా అని అడుగుతోంది.

ఆమె ఇదంతా చెప్తున్నప్పుడు మునికుమార్ చేతిలో ఫోను ఉంది. బెంగుళూరు యూట్యూబ్ ఛానెల్ ఒకటి ఢిల్లీబాబు వీడియోను చూపించి, ఇది కంప్యూటర్‌తో పుట్టించిన దొంగ వీడియో అని తేల్చేసింది. గ్రూపు అట్టుడికిపోతోంది. అతను ఒక కన్ను ఫోను మీద పెట్టే ఆమె ముక్కను చూశాడు. అరచేయంత నల్లటి ప్లాస్టిక్. బంపరు కిందిదమ్మా, ఏ కారుదైనా కావచ్చు, మా దగ్గరికి అట్లాంటి బండి రాలేదు అన్నాడు. మాటలో కఠినం లేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. ఆమె కవరు మడుచుకుని పక్క షెడ్డుకు పోయింది.

దొంగ వీడియో అన్న మాట అతనికి కొట్టినంత నొప్పి కలిగించింది. ఢిల్లీబాబు అబద్ధం చెప్పే మనిషి కాడు. పైగా అతను గ్రూపులో బదులే ఇవ్వడం లేదు. బాధపడి ఊరుకున్నాడని మునికుమార్ అనుకున్నాడు. తానే నిరూపించాలని పట్టుపట్టాడు. వీడియోలోని ఒక్కొక్క బొమ్మనూ ఆపి చూశాడు. ఎడమవైపు సగం కట్టిన కల్యాణమండపం, దాని మీద నీళ్ళ ట్యాంకు, దారి పక్కన టెంకాయబొండాల బండికి కట్టిన నీలం పట్ట, కారు నీడ పడిన తీరు. సెలవు పెట్టి, స్కూటరు మీద పూతలపట్టు పోయాడు. వెతకాల్సిన పని కూడా పడలేదు. కూడలి దాటగానే మండపం, ట్యాంకు, నీలం పట్ట అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. సంతోషంతో ఫొటోలు తీసుకున్నాడు.

బొండాలమ్మే ముసలాయన పేరు మునిరామయ్య. మునికుమార్ ఒక బొండాం కొట్టించుకుని, బుధవారం చారల కారు ఏదైనా పోయిందా అని అడిగాడు.

“పోయింది గదా. పులికి మాదిరి చారలేసుకోని. దాని ఎనకాల్నే ఒక ఎర్ర కారు, దాన్ని తరుముతా పోయింది. ఆ పొద్దే గదప్పా మా కుప్పయ్యను కొట్టేసింది. రొంత దూరమే ఈడికి.”

మునికుమార్ బొండాం తాగడం ఆపాడు. ఏ వేళప్పుడు అని అడిగాడు. ఆ కార్లు పోయినాక కొంచెంసేపటికే కుప్పయ్యతో పనిచేసేవాళ్ళు టెంపోలో వెనక్కి పోయారట. అతను కనపడకపోతే ఆటో ఎక్కేశాడనుకున్నారట. మునిరామయ్యకు ఆ ఎర్ర కారు మీద అనుమానమేమీ లేదు. లారీ అనే ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు.

అప్పుడు మునికుమార్‌కు ఆ నల్లటి ముక్క కళ్ళముందుకొచ్చింది. దాని వెనకవైపు బూడిదరంగు గమ్ టేపు ఉంది. కంపెనీ నుంచి వచ్చే బంపరుకు ఆ టేపు ఉండదు. బయట కొని అతికించినదానికే ఉంటుంది. ఢిల్లీబాబు కారుకు ఆ అంచును అతికించింది తన చేతులే.

కుప్పయ్య పడిన చోటుకు పోయి చూశాడు. రెయిలింగుకు ఎవరో బంతిపూల దండ కట్టారు, ఎండిపోయింది. అవతల కాలవ లోతుగా, ముళ్ళకంపతో నిండి ఉంది. అతను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. తిరుపతికి తిరగకుండా చిత్తూరు వైపు స్కూటరు తిప్పాడు.

గ్రానైట్ కోసే షెడ్డులో రంపాల రొద. ఢిల్లీబాబు అతన్ని చూడగానే అద్దాల గదిలోకి తీసుకుపోయి తలుపు మూశాడు. మనిషి చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ఏం సంగతి అని అడగలేదు. మునికుమార్ కూడా డొంకతిరుగుడు లేకుండా, కారు యాడ అని అడిగాడు. వేలూరులో రిపేరుకు ఇచ్చినానని చెప్పాడు ఢిల్లీబాబు. బావమరిది మాట ఎత్తలేదు.

కాసేపటికి జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. గ్రూపులో పెట్టని రెండో వీడియో ఒకటుంది. ఎవరికో ఒకరికి చూపించకపోతే బతకలేనన్నట్టు తనే దాన్ని తెరిచాడు.

చారల కారు ఈసారి చాలా దగ్గరగా ఉంది. వేగం అందుకోగానే వెనక డిక్కీ మీద రెక్కలాంటిది మెల్లగా పైకి లేచింది. మునికుమార్ తనకు తెలియకుండానే ముందుకు వంగాడు. లైటు మధ్యలో నిజంగానే తెగి ఉంది, చార అడ్డం కాదు అనుకున్నాడు. అంతలో రోడ్డు ఎడమ అంచున నారింజరంగు జాకెట్టు వేసుకున్న మనిషి కనిపించాడు. భుజం మీద పార, తలకు తువ్వాలు. చారల కారును చూసి అతని ముఖం విప్పారింది. కారు దాటుతుంటే దానితోపాటే తల తిప్పాడు. ఇంకాసేపు చూడాలని కాబోలు, వీపు ఇటు పెట్టి ఒక అడుగు రోడ్డు మీదికి వేశాడు. తర్వాత ఒక చప్పుడు. ఫోను కిందపడి తెరంతా నలుపు. ఆ నలుపులో ఢిల్లీబాబు గొంతు, అమ్మా అమ్మా అని రెండుసార్లు. ఇంజను శబ్దం తగ్గింది. కొంచెంసేపు అట్లాగే ఉండి మళ్ళీ పెరిగింది.

“నేను సూడ్లేదప్పా,” అన్నాడు ఢిల్లీబాబు. “దేవుని మీద ఆన. ఒక చేత్తో ఫోను పట్టుకోని ఆ కారునే సూస్తా ఉండాను. మీరంతా పో పో అంటా ఉన్న్యారు.”

“నిలిపినావు గదా. ఎందుకు దిగలేదు?”

“దిగల్లనే అనుకున్న్యా. ముందర ఆ కారు గూడా బ్రేకు కొట్టింది. ఆ డ్రైవరు అద్దంలో సూసినట్టుండాడు. వాడు దిగితే నేను దిగల్లనుకున్న్యా. వాడు దిగలేదు, పోయినాడు. నేనూ పోయినాను.”

ఆ మనిషి చాలాసేపు బతికే ఉన్నాడంట అని చెప్పాడు మునికుమార్. ఢిల్లీబాబు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఏడుపు ఆగాక, నీళ్ళు తాగి, అతను ఒకటే కోరాడు. తన మొదటి వీడియో నిజమని తేలితే ఆ వేళకు తను ఆ రోడ్డులో ఉన్నట్టు తేలుతుంది. అది దొంగదనే మాట నిలబడితే అంతటితో పోతుంది. మునికుమార్ రాస్తే గ్రూపులో ఎవరూ కాదనరు.

“అది ఫేకని నువ్వే రాయప్పా. తమాషాకు చేసినానని నేను ఒప్పుకుంటా. తిడ్తే తిట్టనీ. నాకి ఇద్దరు ఆడబిడ్డలు. ఆయప్ప ఎట్లాగూ తిరిగి రాడు.”

మునికుమార్ అవుననలేదు, కాదనలేదు. ఇంటికి వచ్చి ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. పెళ్ళాం అడిగితే తలనొప్పి అన్నాడు. దగ్గరికి పో అబ్బా అని తను రాసిన మాటను గ్రూపులో వెతికి మళ్ళీ చదువుకున్నాడు. అది తుడిచేయాలని చూశాడు, గడువు దాటిపోయింది. ఢిల్లీబాబు తాళాలు చేతిలో పెట్టిన ఆదివారాలు, ఆ ఇద్దరు ఆడబిడ్డలు, అన్నీ గుర్తుచేసుకున్నాడు. చనిపోయిన మనిషిని తను ఎరగడు. ఎరిగినవాడి వైపే మనసు మొగ్గింది.

మర్నాడు రాశాడు. బాగా రాశాడు. కారు నీడకూ మండపం నీడకూ పొంతన లేదన్నాడు. చక్రాల దగ్గర చారలు కదలాల్సినట్టు కదలడం లేదన్నాడు. పూతలపట్టుకు పోయి చూశానని, అక్కడ అట్లాంటి ట్యాంకే లేదని కూడా రాశాడు. ఢిల్లీబాబు క్షమాపణ చెప్పుకున్నాడు. రెండు రోజులు తిట్లు, నవ్వులు. లోహిత ఒక్కతే, శబ్దం మాత్రం నిజంలాగానే ఉండింది అన్నా అని రాసి, మునికుమార్ బదులివ్వకపోతే ఊరుకుంది. తర్వాత అందరూ మరిచిపోయారు.

కృపామణి మరిచిపోలేదు. మామిడికాయల కాలంలో ఇంకోసారి వచ్చింది. అందరూ లారీ అంటున్నారని, ఈ ముక్క లారీదేనా అని అడిగింది. ఆమె కవరు విప్పుతుంటే టేపు అంటిన వైపు పైకి వచ్చింది. మునికుమార్ చేత్తో తాకలేదు. ఇది చూసి ఏమీ చెప్పలేమమ్మా, ఇంక తిరగడం మానుకో, కాళ్ళు అరిగిపోతాయి అన్నాడు. ఆమె తలూపి, నువ్వయినా కూర్చోమని నీళ్ళిచ్చినావు నాయనా, తక్కినవాళ్ళు వాకిట్లోనే తరిమేస్తా ఉండారు అని చెప్పి పోయింది.

ఢిల్లీబాబు ఎర్ర కారును తమిళనాడులోనే అమ్మేశాడు. కాలినడకన కొండెక్కి గుండు చేయించుకున్నాడు. మెల్లగా మామూలు మనిషయ్యాడు. తెల్లటి పెద్ద బండి కొన్నాడు. ఆదివారాలు మళ్ళీ రాసాగాడు. మునికుమారే ఏదో ఒక సాకు చెప్పి పోవడం తగ్గించాడు. ఇద్దరూ ఎదురుపడితే ఎండల గురించో వానల గురించో మాట్లాడుకునేవాళ్ళు.

డిసెంబరులో ఆ కారు విడుదలైంది. పెద్ద వేదిక మీద, పొగల మధ్య, చారలు లేకుండా ముదురు ఆకుపచ్చ రంగులో నిలబెట్టారు. వెనక లైటు సన్నటి గీత, నడుమ తెగి ఉంది. వేగం అందుకోగానే రెక్క పైకి లేస్తుందని చూపించారు. సీమ వీల్స్ గ్రూపులో ఎవరో పాత వీడియోను, కొత్త కారు బొమ్మను పక్కపక్కన పెట్టారు. అణువంత తేడా లేదు. ఇదంతా నిజమేనా అని అందరూ నోళ్ళు తెరిచారు. దేశంలో అందరికంటే ముందు చూసినవాళ్ళం మనమే అని పండగ చేసుకున్నారు. నిజాన్ని దొంగదని ఎందుకు ఒప్పుకున్నావని ఢిల్లీబాబును ఆట పట్టించారు. అతను గ్రూపులోంచి బయటికి పోయాడు.

లోహిత గ్రూపులో ఏమీ రాయలేదు. మార్చిలో ఏ కంప్యూటరూ ఆ లైటును పుట్టించగలిగి ఉండదని ఆమెకు తెలుసు. అప్పటికి దాన్ని చూసినవాడే లేడు. ఇక మునికుమార్ రాసినదాన్ని ముందు పెట్టుకుని, అతను పోయి చూశానన్నట్టే తనూ పూతలపట్టు పోయింది. అతను లేదన్న ట్యాంకు ఉంది. మునిరామయ్య కూడా ఉన్నాడు. మార్చిలోనే ఒక స్కూటరు అబ్బాయి వచ్చి ఇదే అడిగినాడని చెప్పి, వెనక తరిమిన ఎర్ర కారు సంగతీ, కుప్పయ్య సంగతీ చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె సర్వీస్ సెంటరుకు వచ్చి, మునికుమార్‌ను బయటికి పిలిచింది. తన కారుకు ఆనుకుని నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

“నువ్వు పొరపాటు పడేవాడివి కాదన్నా. తెలిసే రాసినావు. అవునా కాదా, ఒక్కసారే అడుగుతున్నాను.”

అతను అవునన్నాడు. అంతా చెప్పేశాడు. ముక్క సంగతీ, రెండో వీడియో సంగతీ, కృపామణి రెండుసార్లు వచ్చిందనీ. చెప్పి మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్కరోజు గడువియ్యమ్మా, ఢిల్లీబాబుకు నేను చెప్తాను అన్నాడు.

“ఆ పల్లెలో ఆమెను ఎన్ని నెలలు తిప్పినావు?” అంది లోహిత. “ఆయనకు పోలీసులు చెప్తారు. కారెక్కు.”

అతను ఎక్కాడు. పూతలపట్టు పోలీసు స్టేషనులో మొదట ఎవరూ సరిగ్గా వినలేదు. పాత కేసు, కాగితాలు వెతకాలన్నారు. లోహిత కదలకుండా కూర్చుంది. సాయంకాలానికి ఇన్‌స్పెక్టరు వచ్చి, మునికుమార్ చెప్పినదంతా రాయించుకున్నాడు. వేలూరు షెడ్డులో మార్చిన బంపరు వివరాలు దొరికాయి. ఢిల్లీబాబు ఫోనులో రెండో వీడియో అట్లాగే ఉంది. అన్నాళ్ళూ తుడిచేయలేదు. ఎందుకు ఉంచుకున్నావని ఇన్‌స్పెక్టరు అడిగితే, అంత దగ్గరగా ఆ కారును తీసినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు సార్ అన్నాడట.

ఢిల్లీబాబును అరెస్టు చేశారు. కొన్నాళ్ళకే బెయిలు మీద వచ్చాడు. గ్రూపులో సగంమంది మునికుమార్‌ను అసహ్యించుకున్నారు. స్నేహితుణ్ణి పట్టించినందుకు కొందరు, దాచిపెట్టినందుకు కొందరు. అడ్మిన్ అతన్ని తీసేశాడు. చారల కారును తోలిన డ్రైవరు ఎవరో తేలలేదు. టెస్టింగు చేసే ఏజెన్సీ ఆ రోజు తమ బండి ఆ దారిలో లేదని రాసిచ్చింది.

వాంగ్మూలం మీద సంతకాలకు మునికుమార్‌ను మళ్ళీ పిలిచినప్పుడు స్టేషను వరండాలో కృపామణి కనిపించింది. లోహిత ఆమె పక్కన కూర్చుని ఉంది. కృపామణి ఇప్పుడు భర్త చేసిన పనే చేస్తోంది, గన్నేరు చెట్లకు నీళ్ళు పోస్తోంది. ఆ వీడియో తనకు చూపించమని పొద్దుట్నుంచి అడుగుతోంది. అది సాక్ష్యమమ్మా, చూస్తే తట్టుకోలేవని కానిస్టేబులు నచ్చజెప్పాడు. తమ పెళ్ళికి ఫొటో కూడా తీయలేదని, ఆధార్ కార్డులో ఉన్నది తప్ప ఆయన బొమ్మ ఇంట్లో లేదని, నడిచే బొమ్మ అసలే లేదని ఆమె చెప్పింది. చివరకు ఇన్‌స్పెక్టరు లోపలికి పిలిచి, కంప్యూటరులో పెట్టించాడు. దెబ్బ తగిలేలోపు ఆపేయమన్నాడు.

మునికుమార్ తలుపు దగ్గర నిలబడి ఆమె వీపునే చూశాడు. తెర వైపు చూడలేదు. ఆమె కళ్ళార్పకుండా చూసింది. మళ్ళీ ఒకసారి పెట్టమని అడిగింది. పెట్టారు.

“నగతా ఉండాడు,” అంది మెల్లగా. “ఇంట్లో ఎప్పుడూ ఇట్ల నగింది లేదు.”

బయటికి వచ్చాక ఆమె మునికుమార్ ముందు ఆగింది. లోహిత కొంచెం దూరంగా జరిగింది.

“రెండోతూరి నేను వచ్చినప్పుడు నీకి తెల్సా నాయనా?”

“తెల్సమ్మా.”

“మొదటితూరి?”

“మొదటితూరి తెల్దు. నీ ముక్కను సరిగ్గా సూడ్లేదు.”

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నువ్వు చెప్పింటే మా ఆయన తిరిగొచ్చేవాడు గాదులే. కానీ ఎండలో అన్ని షెడ్లూ తిరిగినా. కుక్కలా తరిమినారు. రాణిపేట దంకా పోయినా. అది తప్పేది గదా నాకి.”

మునికుమార్ తల వంచుకున్నాడు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆ మాట అనడానికి తనకు మొహం లేదనిపించింది. ఆమె అక్కడి నుంచి కదలలేదు. ఇంకేదో అడగాలని ఉన్నట్టుంది.

“అంత ఇదిగా సూసినాడే. ఏం కారు అది?”

గంటలకు గంటలు ఆ కారు గురించే మాట్లాడిన మనిషి అతను. ఆమెకు ఇంజను గురించి చెప్పలేడు. దాని పేరు చెప్తే ఆమెకు ఏం తెలుస్తుంది.

“జోరుగా పోయే కారమ్మా,” అన్నాడు. “ఇద్దరే కూర్చోవచ్చు.”

“ఇద్దరేనా,” అంది కృపామణి. మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు వచ్చేలోపు తాను పనిలో ఉండాలని లోహితతో అంది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. లోహిత తన కారును స్టేషను ముందే వదిలి, ఆమెతోపాటు నడిచే పోయింది.

మునికుమార్ లోపలికి పోయి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా అతను సెలవు పెట్టి చిత్తూరు కోర్టుకు పోతాడు. ఢిల్లీబాబు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. కృపామణి ఒక్కోసారి వస్తుంది, పని దొరికిన రోజు రాదు.